జాంగో ప్యాకేజీలో డిఫాల్ట్ సెట్టింగులు: ఈ రెండు వారాల పని

వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో కోసం, ఫైళ్ల అప్‌లోడ్‌కని రాసుకున్న చిన్న ప్యాకేజీని ఇప్పుడు మూడు ప్రాజెక్టుల్లో వాడుతున్నాను. ఒక్కోదానికి ఫైలు సైజు పరిమితి వేరు, ఒప్పుకునే ఫైలు రకాలు వేరు. అందుకే కొత్త ఫీచర్లు పక్కన పెట్టి ముందు డిఫాల్ట్‌ల (ప్రాజెక్టు ఏమీ చెప్పకపోతే వాడే విలువల) సంగతి తేల్చుకుందామని కూర్చున్నాను.

మొదట్లో చాలామంది చేసేదే చేశాను. ప్యాకేజీలో కాన్ఫ్ డాట్ పై (conf.py) అనే ఫైలు, అందులో గెట్‌ఆట్ర్ (getattr) అనే పైథాన్ ఫంక్షన్ వాడి ప్రాజెక్టులో సెట్టింగు ఉంటే అది, లేకపోతే 5 ఎంబీ, ఇలా పది లైన్లు. పని చేసింది కూడా. టెస్టులు రాసేటప్పుడు బయటపడింది అసలు విషయం: టెస్టు వరకు సెట్టింగును మార్చే ఓవర్‌రైడ్ సెట్టింగ్స్‌తో పరిమితిని 1 ఎంబీకి తగ్గించినా 3 ఎంబీ ఫైలు హాయిగా లోపలికి వెళ్లిపోతోంది. ఒక సాయంత్రమంతా ఫైలును తనిఖీ చేసే వాలిడేటర్‌లో తప్పు వెతికాను, అక్కడ ఏమీ లేదు. కాన్ఫ్ ఫైలు ఇంపోర్ట్ అయినప్పుడే విలువ చదివేసి దాచేసుకుంది, ఆ తర్వాత సెట్టింగు మారినా దానికి తెలిసే దారే లేదు.

ఇప్పుడు డిఫాల్ట్‌లన్నీ ఒకే డిక్షనరీలో (పేరు, దాని విలువ జంటలుగా ఉండే పట్టికలో) ఉన్నాయి, వాటి ముందు ఒక చిన్న క్లాస్, అడిగిన ప్రతిసారీ ప్రాజెక్టు సెట్టింగ్స్‌లోకి చూసి అక్కడ లేకపోతేనే డిఫాల్ట్ ఇస్తుంది. జాంగోతో ఏపీఐలు కట్టడానికి వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ కూడా సెట్టింగులన్నీ ఒకే డిక్షనరీలో పెట్టమంటుంది, కానీ చదివిన విలువను క్యాష్ చేసుకుని (దాచుకుని), సెట్టింగు మారిందని చెప్పే సెట్టింగ్ ఛేంజ్‌డ్ సిగ్నల్ వచ్చినప్పుడు క్యాష్ తీసేస్తుంది. నేను క్యాష్ పెట్టలేదు, డిక్షనరీలో ఒకసారి వెతకడానికి పట్టే సమయం ఎంతని. అన్నీ మార్చాక కూడా ఒక టెస్టు ఫెయిలవుతూనే ఉంది. చూస్తే ఒక ఫంక్షన్ ఆర్గ్యుమెంట్‌కు డిఫాల్ట్‌గా ఆ సెట్టింగునే ఇచ్చాను, అదీ ఫంక్షన్ నిర్వచించినప్పుడే చదివేస్తుంది కదా. దాన్ని నన్ (None, అంటే విలువ లేదని) చేసి, విలువ చదవడం ఫంక్షన్ లోపలికి తెచ్చాను.

డిక్షనరీలో డిక్షనరీ పెట్టడం మానేశాను. థంబ్‌నెయిల్ (చిన్న బొమ్మ) సెట్టింగులు అలా ఉండేవి, ప్రాజెక్టులో వెడల్పు ఒక్కటి మారిస్తే మొత్తం లోపలి డిక్షనరీ మారిపోయి క్వాలిటీ దగ్గర కీ ఎర్రర్ (ఆ పేరే లేదని) వచ్చేది. లోతుగా మెర్జ్ చేసే కోడ్ రాయొచ్చు గానీ, అప్పుడు ఒక కీని కావాలని తీసేయడం ఎలా అన్న ప్రశ్న వస్తుంది. థంబ్‌నెయిల్ వెడల్పు, థంబ్‌నెయిల్ క్వాలిటీ అని విడివిడి పేర్లు పెట్టేశాను.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది మైగ్రేషన్, అంటే మోడల్‌లోని మార్పును డేటాబేస్ టేబుల్‌కు చేరవేసే ఫైలు. మోడల్‌లో (టేబుల్ ఆకారాన్ని చెప్పే క్లాస్‌లో) ఫైలు పేరు మ్యాక్స్ లెంగ్త్‌ను, అంటే గరిష్ఠ పొడవును, సెట్టింగు నుంచి తీసుకున్నాను. ఒక ప్రాజెక్టులో ఆ విలువ మార్చి మైగ్రేషన్లు తయారుచేసే మేక్‌మైగ్రేషన్స్ నడిపితే, కొత్త మైగ్రేషన్ ఫైలు వెళ్లి ప్రాజెక్టు ప్యాకేజీలుండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ ఫోల్డర్‌లో పడింది. ఎన్విరాన్‌మెంట్‌ను తిరిగి కట్టుకుంటే ఆ ఫైలు ఉండదు, డేటాబేస్‌లో మాత్రం ఆ మార్పు ఉండిపోతుంది. కాబట్టి టేబుల్ ఆకారాన్ని మార్చే ఏ విలువా ఇక సెట్టింగు కాదు. మోడల్‌లో 255 అని స్థిరంగా పెట్టి, అంతకంటే తక్కువ కావాలంటే వాలిడేటర్ చూసుకునేలా చేశాను. ఫైలు ఎక్కడ దాచాలో చెప్పే అప్‌లోడ్ టూకి ఫంక్షన్ ఇచ్చాను, మైగ్రేషన్‌లో ఆ ఫంక్షన్ పేరే ఉంటుంది, ఫోల్డర్ సెట్టింగు దాని లోపల చదువుతాను. జాంగో 3.2లో వచ్చిన డిఫాల్ట్ ఆటో ఫీల్డ్‌ను (టేబుల్ ప్రైమరీ కీ రకాన్ని) కూడా ప్యాకేజీ సొంత యాప్ కాన్ఫిగ్‌లోనే రాసేశాను, లేకపోతే ప్రాజెక్టు ఎంచుకున్నదాన్ని బట్టి ఇదే గొడవ మళ్లీ వస్తుంది.

నిన్న సిస్టమ్ చెక్ చేర్చాను, అంటే జాంగో మొదలయ్యేటప్పుడు సెట్టింగులను తనిఖీ చేసే కోడ్. సెట్టింగు పేరులో ఒక అక్షరం తప్పితే ఇన్నాళ్లూ ఏ చప్పుడూ లేకుండా డిఫాల్ట్ వాడేసేది. ఇప్పుడు తెలియని కీ కనిపిస్తే వార్నింగ్ వస్తుంది, పైథాన్ లైబ్రరీ డిఫ్‌లిబ్‌తో దగ్గరి పేరు వెతికి హింట్‌లో చూపిస్తుంది. రన్‌సర్వర్‌తో సర్వర్ మొదలుపెట్టగానే నా రెండో ప్రాజెక్టులోనే ఒకటి దొరికింది: అక్కడ 20 ఎంబీ అని రాసుకున్న పరిమితి మొదటి నుంచీ 5 దగ్గరే ఉంది.