కాల నిర్ణయ పద్ధతులు: ఒక్క ప్రశ్నతో పట్టుకున్న అధ్యాయం

యూజీసీ నెట్ ఆర్కియాలజీకి చదివే మిత్రులు చాలామంది కాల నిర్ణయ పద్ధతులను పట్టికలుగా బట్టీ పడుతున్నారు. జతపరిచే ప్రశ్నలకు అది సరిపోతుంది. నిశ్చితం–కారణం (అసర్షన్–రీజన్) ప్రశ్న రాగానే ఆ పట్టిక అక్కరకు రాదు. నల్గొండలో తెలుగు మాధ్యమంలో చదువుకున్న నాకు ఈ అధ్యాయం లొంగింది ఒకే ప్రశ్నతో: ఈ పద్ధతి ఏ సంఘటన జరిగిన కాలాన్ని చెబుతోంది?

రేడియోకార్బన్ చెప్పేది ప్రాణి చనిపోయిన కాలం. థర్మోల్యూమినెసెన్స్ చెప్పేది కుండ చివరిసారి కాలిన కాలం. ఓఎస్ఎల్ (ఆప్టికల్లీ స్టిమ్యులేటెడ్ ల్యూమినెసెన్స్) చెప్పేది ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసిన కాలం.

చివరి రెండింటి సూత్రం ఒకటే. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియంల నుంచి వెలువడే వికిరణం, కాస్మిక్ కిరణాలు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ స్ఫటికాల్లోని ఎలక్ట్రాన్లను కదిలిస్తాయి. వాటిలో కొన్ని స్ఫటిక లోపాల్లో చిక్కుకుంటాయి. రేణువు ఎంత కాలం పూడి ఉంటే అంత పోగవుతాయి. ఎండ తగిలినా, బాగా కాలినా ఖాళీ అవుతాయి. ప్రయోగశాలలో కాంతితోనో వేడితోనో వాటిని విడిపిస్తే రేణువు వెలుగుతుంది. ఆ వెలుగును బట్టి అది గ్రహించిన మొత్తం మోతాదును గ్రేలలో (గ్రహించిన వికిరణాన్ని కొలిచే ప్రమాణం) లెక్కగట్టి, ఏటా అందే మోతాదుతో భాగిస్తే వయసు తేలుతుంది. మొత్తం 30 గ్రేలు, వెయ్యేళ్లకు 3 గ్రేలు అయితే 10,000 సంవత్సరాలు.

ఈ భాగహారం గుర్తుంటే కఠినమైన ప్రశ్నలు కూడా విడిపోతాయి. మట్టిలోని తేమ వికిరణాన్ని కొంత పీల్చుకుంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే హారం పెరిగి వయసు తక్కువగా వస్తుంది. పూడకముందు రేణువుకు ఎండ సరిగా తగలకపోతే పాత మోతాదు మిగిలిపోయి వయసు ఎక్కువగా వస్తుంది. నమూనాను వెలుగు చొరని గొట్టంలో తీసి, ప్రయోగశాలలో మసక ఎర్ర కాంతిలో తెరిచేది కూడా వెలుగు తగిలితే పోగైన ఎలక్ట్రాన్లు ఖాళీ అవుతాయి కనుకే.

మన ప్రాంతపు ఉదాహరణతో సాధన చేయండి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. రాయి వయసు కడితే శిల పుట్టిన కాలం వస్తుంది, అది మనిషి చరిత్రకు పనికిరాదు. మనకు కావలసింది రాయిని నిలబెట్టిన కాలం. రాయి కింద పడి వెలుగుకు దూరమైన మట్టికి ఓఎస్ఎల్, గుంతలో బొగ్గు దొరికితే రేడియోకార్బన్ అని మీ అంతట మీరే చెప్పగలిగితే ఈ అధ్యాయం మీకు వచ్చినట్టే. నాకు ఈ సబ్జెక్టుపై ప్రేమ పుట్టింది కూడా ఇలాంటి ఆలోచనల్లోనే.

సంవత్సరాలు ఎక్కువ అక్కర్లేదు. ఓఎస్ఎల్‌కు హంట్లీ బృందం, 1985. థర్మోల్యూమినెసెన్స్‌కు ఆక్స్‌ఫర్డ్‌లో మార్టిన్ ఐట్‌కెన్. మన దేశం నుంచి తమిళనాడులోని అత్తిరంపాక్కం: అక్కడి మధ్య ప్రాచీన శిలాయుగం సుమారు 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని 2018లో ల్యూమినెసెన్స్‌తోనే తేల్చారు. సుమారు 50,000 ఏళ్లు దాటితే రేడియోకార్బన్ పనిచేయదు. క్వార్ట్జ్‌లో ఎలక్ట్రాన్లు చిక్కుకునే లోపాలు కూడా 3,85,000 ఏళ్ల దాకా పోకముందే సాధారణంగా నిండిపోతాయి. అందుకే అక్కడ ఫెల్డ్‌స్పార్ వైపు వెళ్లారు.