మీటర్ బాగానే చూపించింది, సీడే చచ్చిపోయింది

పవర్ మీటర్‌ని నమ్మి నాలుగు రోజులు పోగొట్టుకున్నాం. గచ్చిబౌలి వైపు ఉన్న మా ల్యాబులో (పేరెందుకులెండి) టైటానియం సఫైర్ లేజర్ ఒకటుంది, 800 నానోమీటర్లది. మీటర్ మీద రోజూ ఉండే అంకే ఉంది, కానీ అల్యూమినియం రేకు మీద కొడితే ఎక్స్‌రే సిగ్నల్ సగం షాట్లకి అసలు రావట్లేదు.

ఆ వారమే మా వీధి చివర బోనాల మైకు. పాడేవాళ్ళ గొంతు సన్నగా ఉందని ఆపరేటర్ వాల్యూమ్ పెంచితే పాట కంటే గుయ్యిమనే చప్పుడే ఎక్కువ వినిపించింది. మా జబ్బూ అదేనని అప్పుడు తట్టలేదు.

సంగతేంటంటే, సీడ్ అనే చిన్న పల్స్‌ని రీజెన్ అనే యాంప్లిఫయర్‌లోకి పంపి, అద్దాల మధ్య చాలా రౌండ్లు తిప్పి పెంచుతాం. అందులో పంప్ చేసిన (అంటే శక్తి నింపిన) క్రిస్టల్ ఆ శక్తిని దాదాపు 3 మైక్రోసెకన్లు పట్టి ఉంచుతుంది. ఆలోగా క్రిస్టల్‌లోని అయాన్లు వాటంతట అవి వదిలే కాంతి కూడా పల్స్‌తో పాటే పెరుగుతుంది, దాన్నే ఏఎస్‌ఈ అంటాం. పల్స్‌ని సాగదీసి, పెంచి, మళ్ళీ కుదించే పద్ధతి స్ట్రిక్‌లాండ్, మూరూ 1985లో చూపించారు, 2018లో నోబెల్ కూడా వచ్చింది, కానీ ఆ చివరి కుదింపు ఈ చెత్తకి పనిచెయ్యదు. అది నానోసెకన్ల పొడవునా అలాగే ఉండి పల్స్ కంటే ముందే రేకుని తాకుతుంది. మెయిన్ పల్స్ చదరపు సెంటీమీటరుకి 10¹⁸ వాట్లు అనుకుంటే, అందులో పది లక్షల్లో ఒక వంతు కూడా 10¹² వాట్లు. మెయిన్ పల్స్ వచ్చేలోగానే రేకు పైపొర ప్లాస్మా అయిపోవడానికి అది చాలు, మా ఎక్స్‌రే సిగ్నల్ పోయింది అందుకే.

మొదట పాకెల్స్ సెల్‌ని (వోల్టేజీతో కాంతికి తలుపు తెరిచి మూసే స్విచ్చి) అనుమానించి రెండు రాత్రులు దాని టైమింగ్ తిప్పుతూ కూర్చున్నాను. చివరికి జూనియర్ అడిగాడు, "అన్నా, సీడ్ ఆపి చూద్దామా?" విజిటింగ్ కార్డు అడ్డం పెట్టాడు. సీడ్ సరిగ్గా పడుతుంటే, దాన్ని ఆపగానే ఆసిలోస్కోప్ మీద పల్సుల వరస చాలా రౌండ్లు వెనక్కి జరగాలి. మాది ఒక్క రౌండ్ జరిగింది! అంటే సీడ్ దాదాపు పడట్లేదు, మైకు ఆపరేటర్‌లా రీజెన్ ఏఎస్‌ఈ చప్పుడునే పెంచుతోంది. సీడ్ ఉన్నా లేకపోయినా రీజెన్ తన శక్తినంతా బయటికి తోసేస్తుంది, మీటర్‌కి తేడా ఎలా తెలుస్తుంది? అంతకుముందు రాత్రెప్పుడో ఏసీ ఆగి, రీజెన్ ముందున్న అద్దం కాస్త పక్కకి జరిగింది. రెండు స్క్రూలు, ఇరవై నిమిషాల పని.

కాంట్రాస్ట్ (మెయిన్ పల్స్‌కీ ముందొచ్చే చెత్తకీ ఉన్న నిష్పత్తి) అనగానే అందరూ ఎక్స్‌పీడబ్ల్యూ అనే క్రిస్టల్ ఫిల్టర్, ప్లాస్మా మిర్రర్ అంటారు. ఎక్స్‌పీడబ్ల్యూ మంచిదే, తీవ్రత ఘనానికి తగ్గట్టు కాంతినిస్తుంది కాబట్టి బలహీనమైన నాయిస్ అక్కడే రాలిపోతుంది. ప్లాస్మా మిర్రర్ అంటే బలమైన కాంతి తగిలినప్పుడే అద్దంలా మారే గాజు, దానికైతే ప్రతి షాట్‌కీ కొత్త గాజు ఉపరితలం కావాలి. ఏది పెట్టినా ముందు సీడ్ చూసుకోండి, అది ఫ్రీ.

ఇప్పుడు పల్స్ కింద పీఠంలా పరుచుకున్న ఆ ఏఎస్‌ఈ దిగింది గానీ, మెయిన్ పల్స్‌కి 20 పికోసెకన్ల ముందు ముల్లులాంటి చిన్న పల్స్ ఒకటి మిగిలింది. సీడ్ దారిలో 2 మిల్లీమీటర్ల చదును గాజు ఉంది. దాని లోపలి ప్రతిబింబం 20 పికోసెకన్ల వెనక రావాలి, కానీ సాగదీసిన పల్స్ మీద నాన్‌లీనియర్ ప్రభావం పడటంతో ముందువైపు కూడా తేలుతుంది. పాకెల్స్ సెల్‌కి అంత దగ్గరిది దొరకదు. ప్రతిబింబం పక్కకి పోయేలా ముఖాలు కాస్త ఏటవాలుగా ఉండే వెడ్జ్ గాజు ఆర్డర్ పెట్టాం, ఇంకా రాలేదు.