మోటారు బాగానే ఉంది, మేతే బాగోలేదు

విజయవాడ పాయకాపురంలోని మా వంటశాలలో రోజుకు రెండు పూటలా హాస్టళ్లకు భోజనం తయారవుతుంది. గ్యాసు ఖర్చు తట్టుకోలేక అన్నానికీ సాంబారుకూ పెల్లెట్ల పొయ్యి పెట్టుకున్నాం. పెల్లెట్లంటే ఊక, వేరుశనగ తొక్కలు, కర్రపొట్టు వంటివాటిని గట్టిగా అదిమి చేసిన చిన్న ఇంధన గుళికలు. పోపులూ వేపుళ్లూ మాత్రం ఇప్పటికీ గ్యాసు మీదనే. పైన పెల్లెట్లు పోసే తొట్టి, దాని అడుగున ఒక గొట్టంలో మోటారుతో మెల్లగా తిరుగుతూ వాటిని నిప్పుగిన్నెలోకి నెట్టే స్క్రూ, కింద నుంచి గాలి కొట్టే బ్లోయరు, ఇంతే దాని నిర్మాణం. ఈ మూడింటిలో ఏది మొరాయించినా అన్నం ఉడకదు, అది సరే. అయితే అన్నం ఉడకకపోవడం కన్నా పెద్ద ప్రమాదం ఒకటి ఇందులో ఉందని మాకు తెలియడానికి ఒక వరద అవసరమైంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా వీధుల్లోకి వచ్చినప్పుడు గోదాములో కింది వరుసల బస్తాలు పూర్తిగా నానిపోయాయి. పెల్లెటు నీళ్లు తగిలితే నిమిషాల్లో ఉబ్బి పొట్టుగా విడిపోతుంది కాబట్టి వాటిని పారబోయడానికి సందేహించలేదు. పై వరుసల బస్తాలు చేతికి పొడిగానే తగిలాయి, డబ్బు పెట్టి కొన్నవి కదా అని ఉంచేశాం. నీళ్లు తాకకపోయినా రోజుల తరబడి ఆ తేమ గాలిలో ఉన్న సరుకు బాగుంటుందని ఎలా అనుకున్నామో ఇప్పుడు నాకే అర్థం కాదు.

వంటశాల మళ్లీ తెరిచాక పొయ్యి రోజుకు రెండుసార్లయినా ఆగసాగింది. మోటారు కాలిపోతోందని వంట మాస్టరు తేల్చేశారు. ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ గొట్టం విప్పి, లోపల గట్టిపడిన పొట్టును స్క్రూడ్రైవరుతో పెళ్లగిస్తూ, "మోటారు బాగానే ఉందండి, మీ మేతే బాగోలేదు" అన్నాడు. చెమ్మగిల్లిన పెల్లెట్లు స్క్రూ ఒత్తిడికి నలిగి పొడి అవుతాయి, ఆ పొడి గొట్టం గోడలకు పట్టి, పొయ్యి వేడికి ఎండి, కొయ్యలా బిగుసుకుంటుంది. మోటారు దాన్ని తిప్పలేక మూలుగుతుంది. మనం మోటారును నిందిస్తాం.

తొట్టిలో జరిగేది ఇంకా మోసకరమైనది. తేమ, పొడి కలిసిన పెల్లెట్లు ఒకదానికొకటి పట్టుకుని స్క్రూ పైన కమానులా నిలబడిపోతాయి. పైనుంచి చూస్తే తొట్టి నిండుగా ఉంటుంది, కింద స్క్రూ ఖాళీగా తిరుగుతుంటుంది, మంట సన్నగిల్లుతుంది. ఎవరో తొట్టిని కొట్టగానే కమాను కూలి, పెల్లెట్లు ఒక్కసారిగా నిప్పుగిన్నెలోకి చేరతాయి. అవి వెంటనే మండవు, దట్టమైన పొగ కక్కుతాయి, కాసేపటికి ఆ పొగే భుగ్గుమని అంటుకుంటుంది. మా సహాయకుడి కనుబొమలు అలాగే కాలాయి. అందుకని ఇప్పుడు ప్రతి బస్తానూ జల్లెడ పట్టి పొడి తీసేశాకే తొట్టిలో పోస్తున్నాం. మంచి పెల్లెటు విరిస్తే టక్కున విరగాలి. వంగినా, వేళ్లకు పొట్టు అంటినా ఆ బస్తా వెనక్కి పోతుంది.

అసలు ప్రమాదం ఒక తెల్లవారుజామున, అన్నం సగం ఉడుకుతుండగా, కరెంటు పోయినప్పుడు జరిగింది. బ్లోయరు, స్క్రూ రెండూ ఆగాయి. అయిదు నిమిషాల తర్వాత పొగ, పొయ్యి పొగగొట్టంలోంచి కాక తొట్టి మూత అంచుల నుంచి రావడం మొదలైంది. స్క్రూ గొట్టం నిండా వరుసగా ఉన్న పెల్లెట్లు వత్తిలా పనిచేసి నిప్పును వెనక్కి నడిపించాయి. మూత కింది రబ్బరు పట్టీ ఎప్పుడో పొడిపొడి అయిపోవడంతో తొట్టే పొగగొట్టంగా మారి గాలిని లాక్కుంది. మాస్టరు మూత తీయబోతుంటే ఆపాను. తీసి ఉంటే ఆ లోపలి పొగకు గాలి తగిలి మంట ముఖం మీదికి వచ్చేది. తలుపులన్నీ తెరిచి, పక్కనున్న బస్తాలను బయటికి లాగించి, మూత అంచుల మీద తడి గోనెలు కప్పి, అందరినీ బయటికి పంపి 101కు ఫోను చేశాం. అగ్నిమాపక దళం వాళ్లు వచ్చి చల్లార్చి, తొట్టి ఖాళీ చేయించారు. అడుగున ఉన్న పెల్లెట్లు అప్పటికే బొగ్గులయ్యాయి.

ఆ తర్వాత చేసిన మార్పులలో ఖరీదైనది బ్లోయరుకూ స్క్రూకూ విడిగా ఇన్వర్టరు. అన్నిటికన్నా చవకైనది మూతకు కొత్త పట్టీ. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. స్క్రూ గొట్టం మీద వేడి పెరిగితే గంట మోగించే సెన్సరు కూడా పెట్టించాం. పెల్లెట్లు ఎత్తు నుంచి ఖాళీలోకి జారిపడే రకం పొయ్యిలలో ఈ వత్తి తెగిపోతుంది కాబట్టి నిప్పు వెనక్కి నడిచే అవకాశం తక్కువ. కొనేముందు మేము ఆ సంగతి అడగలేదు, అమ్మినవారూ చెప్పలేదు.

బూడిద గురించి కొంచెం. ఊకలో బరువులో సుమారు ఐదో వంతు బూడిదే, అందులో అత్యధిక భాగం సిలికా. దానికి గడ్డి, కట్టెలలోని పొటాష్ లవణాలో, వేరుశనగ తొక్కలకు అంటిన మట్టో తోడైతే తక్కువ వేడికే కరిగి, చల్లారాక కొలిమి చిట్టెంలా గడ్డకట్టి నిప్పుగిన్నె రంధ్రాలను మూసేస్తుంది. గాలి అందక మంట ఎర్రగా, పొగచూరినట్టు కనిపించిన రోజున ముందు ఆ గడ్డలు తీయాలి, తర్వాతే బ్లోయరును అనుమానించాలి. తీసిన బూడిదలో నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది కనుక దాన్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో, బస్తాలకు దూరంగా ఉంచుతున్నాం. ఆరిపోయిందనుకున్న పొయ్యిలో కిరోసిన్ పోసే అలవాటును మాత్రం గొడవపడి మాన్పించాను.

గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. వానల్లో కిటికీలు మూసి వండిన రోజుల్లో మా వాళ్లకు తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం వంటివి వస్తే నిద్ర చాలలేదని సర్దిచెప్పాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. మూసిన గదిలో కర్ర పెల్లెట్లు నిల్వ ఉంచినా ఇదే వాయువు చేరుతుంది కాబట్టి గోదాము తలుపు కాసేపు తెరిచి ఉంచాకే లోపలికి వెళ్తున్నాం.

సంక్రాంతి సెలవులకు పిల్లలు ఊళ్లకు వెళ్లేముందు తొట్టినీ గొట్టాన్నీ పూర్తిగా ఖాళీ చేశాం. జల్లెడ కింద పోగైన పొడి మాత్రం ఆరు బస్తాలు మిగిలింది. పేడలో కలిపి పిడకలు కొట్టిద్దామని మా బావమరిది అంటున్నాడు. తన వంటశాలలోకి పిడకలు వస్తే తాను రానని మాస్టరు ముందే చెప్పేశారు.