గోత్రం తెలియని మనిషికి తర్పణం

రామేశ్వరం వెళ్ళే తెలుగువారిలో చాలామందికి అది కాశీయాత్రలో రెండో సగం. గంగాజలం తెచ్చి రామలింగేశ్వరుడికి అభిషేకం చేయిస్తారు, ఇక్కడి సేతువు ఇసుక తీసుకువెళ్ళి గంగలో కలుపుతారు, దానితో జన్మకు ఒక బాకీ తీరిందనుకుంటారు. ఆ క్షేత్రం ఎందుకు పుట్టిందో మాత్రం అంతగా తలచుకోము. స్థలపురాణం ప్రకారం రాముడు లంకలో యుద్ధం గెలిచి వస్తూ, రావణవధ వల్ల కలిగిన బ్రహ్మహత్యా దోషం పోవడానికి ఇక్కడ ఆగి, సీతమ్మ ఇసుకతో చేసిన లింగాన్ని ప్రతిష్ఠించాడు. ఆ యుద్ధం ధర్మయుద్ధమని దేవతలే చెప్పారు. అయినా గెలిచినవాడు ప్రాయశ్చిత్తం చేసుకోకుండా అయోధ్యకు వెళ్ళలేదు. యుద్ధం చేసి వచ్చిన మనుషులకు ఇంతకన్నా దగ్గరి క్షేత్రం మన దేశంలో మరొకటి ఉందని నేను అనుకోను.

నేను సైన్యంలో ధర్మగురువుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పటాలాల్లో జవాన్ల మతాన్ని బట్టి పండిట్, మౌల్వీ, గ్రంథీ, పాదిరి ఉంటారు. వారికి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదా ఉంటుంది. ఆదివారం మందిర్ పరేడ్ నడిపించడం, పండుగలు జరిపించడం, చనిపోయినవారికి అంత్యక్రియలు చేయించడం పైకి కనిపించే పని. కనిపించని పని, హారతి అయిపోయి అందరూ వెళ్ళిపోయాక చెప్పులు వేసుకోకుండా మెట్ల మీద ఆలస్యం చేసే జవానును గుర్తుపట్టి, అతని పక్కన కూర్చోవడం. సర్వీసులో ఉన్నప్పుడు ఆ మెట్ల మీద విన్నవాటిలో చాలావరకు భయం గురించి కావు. తాను చేసినదాని గురించి, చేయకుండా ఊరుకున్నదాని గురించి, కళ్ళముందు జరుగుతుంటే ఆపలేకపోయినదాని గురించి.

దీన్ని ఇప్పుడు వైద్యులు మోరల్ ఇంజురీ, అంటే నైతిక గాయం, అంటున్నారు. అమెరికాలో వియత్నాం యుద్ధ సైనికులకు చికిత్స చేసిన మనోవైద్యుడు జొనాథన్ షే 1990లలో ఈ మాటను ముందుకు తెచ్చాడు. నమ్మిన పైవాళ్ళే ధర్మం తప్పినప్పుడు సైనికుడి మనసులో ఏం విరుగుతుందో ఆయన ప్రధానంగా చూశాడు. 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన సహచరులు దాన్ని విస్తరించి, మనిషి తన సొంత ధర్మానికి విరుద్ధమైనది తానే చేసినప్పుడు, లేక చూసి ఆపలేనప్పుడు మిగిలే గాయంగా వివరించారు. ప్రాణభయం మిగిల్చిన గాయానికీ దీనికీ తేడా ఉంది. అక్కడ మనిషిని వేధించేది ప్రమాదం మళ్ళీ వస్తుందేమోనన్న భయం, ఇక్కడ తాను మంచివాణ్ణి కాదన్న తీర్పు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. ఈ రెండోదానికి మందులు నిద్రపట్టించగలవు గాని తీర్పును మార్చలేవు. ఆ దేశపు మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఈ గాయం విషయంలో వైద్యులతోపాటు చాప్లిన్లు, అంటే మతగురువులు, కూడా పనిచేస్తున్నారు.

రిటైరై గోదావరి జిల్లాలోని సొంత ఊరికి వచ్చాక, మా చుట్టుపక్కల 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో భారత శాంతిసేనలో పనిచేసినవారు కొందరున్నారని తెలిసింది. ఆ సంగతి వారు సాధారణంగా చెప్పుకోరు. కార్గిల్‌కు వెళ్ళినవారికి ఊళ్ళో సన్మానాలు జరిగాయి. 1987 జూలై 29 నాటి భారత్-శ్రీలంక ఒప్పందం మీద శాంతి కాపాడడానికని వెళ్ళి, అక్టోబరు నాటికి ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా వీధుల్లో తమిళ పులులనే సాయుధ దళంతో పోరాడవలసి వచ్చి, సుమారు 1,200 మంది తోటివారిని పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగి వచ్చినవారిని ఏమని పిలవాలో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఎవరిని కాపాడడానికి వెళ్ళారో ఆ తమిళ జనంలోనూ ఎందరో మామూలు మనుషులు చనిపోయారు. ఆ మాజీ సైనికుల్లో నలుగురైదుగురితో, ఇద్దరి భార్యలతో కలిసి నేను చేసిన రామేశ్వర యాత్ర ఇది. ఇందులో ప్రధానంగా చెప్పబోయే హవల్దారు గారి అనుమతితోనే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, పటాలం చెప్పను.

చెన్నైలో రైలు మారి రాత్రంతా ప్రయాణించాము. తెల్లవారుతుండగా పాంబన్ వంతెన వచ్చింది. 1914లో కట్టిన పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ శ్రీరామనవమి నాడు మొదలైంది. ఓడలు వచ్చినప్పుడు దాని మధ్యభాగం నిలువుగా పైకి లేస్తుంది. రైలు నెమ్మదిగా వెళుతుంటే రెండు వైపులా సముద్రమే. పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి చేరి దండాలు పెడుతుంటే, హవల్దారు గారు మాత్రం సీటులోంచి లేవలేదు. “పండిత్‌జీ, జాఫ్నా ఎటువైపు?” అని అడిగారు. ఈశాన్యంగా, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుందని చెప్పాను. ఆ తర్వాత సత్రం చేరేవరకు ఆయన మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం సత్రం వరండాలో, భార్య పక్కన ఉండగానే చెప్పారు. 1988 మొదట్లో, జాఫ్నా ద్వీపకల్పంలో ఒక రోడ్డు మీద రాత్రి కాపలా. అంతకు కొద్దిరోజుల ముందే మందుపాతర పేలి ఆయన సెక్షనులో ఇద్దరు పోయారు. శత్రువు యూనిఫారంలో రాడు, సైకిలు మీద, లుంగీలో వస్తాడు. చీకట్లో ఒక సైకిలు వచ్చింది. ఆగమని అరిచారు, ఆగలేదు. ఈయన కాల్చారు. తెల్లవారాక చూస్తే ముసలాయన. నుదుట విభూతి, సైకిలు వెనక క్యారియరుకు కట్టిన గోనెసంచిలో తేగలు. ఆగమని అరిచినది ఏ భాషలో అరిచారో తనకిప్పటికీ గుర్తులేదని, హిందీలోనే అయి ఉంటుందని, ఆ ముసలాయనకు అర్థమయ్యే అవకాశమే లేదని అన్నారు. విచారణ జరిగింది, తప్పు లేదని రాశారు. సెక్షన్ కమాండర్ ఆ సాయంత్రం భుజం తట్టి, నీ డ్యూటీ నువ్వు చేశావు అన్నారు.

ఆయన భార్య అంతవరకు ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడు అన్నారు: “పెళ్ళయిన కొత్తలో మా పుట్టింటి నుంచి తేగలు పంపితే సంచితో సహా తీసుకెళ్ళి కాలవలో పారేశారండీ. మా వాళ్ళంటే పడక అనుకున్నాను, ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.” ఆయన తలెత్తలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పాలి. “నీ డ్యూటీ నువ్వు చేశావు” అనే మాటను మనం దయతోనే అంటాము. పటాలంలో అంటాము, ఇంట్లో అంటాము, గుడిలోనూ అంటాము. గీతలోని కర్తవ్యబోధను కూడా అందుకే వాడుకుంటాము. ముల్లు తీయకుండా కట్టుకట్టినట్టే అది. విన్నవాడికి అర్థమయ్యేది, ఇక దీని గురించి మాట్లాడవద్దు అని. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా మాట్లాడకపోవడానికి ఆ భుజం తట్టడమే కారణమని నేను నమ్ముతున్నాను. తట్టిన అధికారి చెడ్డవాడు కాడు, ఆయనకూ అంతకుమించి చెప్పడానికి మాటలు లేవు.

భారతం ఈ విషయంలో మనకన్నా ఓపిక గలది. యుద్ధం ముగిశాక ధర్మరాజు నాకు రాజ్యం వద్దంటాడు. తమ్ముళ్ళు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అందరూ క్షత్రియధర్మం గుర్తుచేస్తారు. వారి వాదాలన్నీ సరైనవే, వాటితో ఆయన దుఃఖం తీరదు. చివరికి ఆయన వెళ్ళి కూర్చున్నది అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర. అదే యుద్ధంలో, తనవాళ్ళ బాణాలతోనే పడిపోయిన తాతగారి దగ్గర. స్త్రీపర్వం చివర ఇంకా లోతైన ఘట్టం ఉంది. బంధువులు లేక పడివున్న వారికి కూడా సంస్కారం జరిపించమని ధర్మరాజు ఆజ్ఞాపిస్తాడు. గంగ ఒడ్డున తిలోదకాలు వదులుతుండగా కుంతి వచ్చి, కర్ణుడికీ నీళ్ళు వదలమని, అతడు నీ అన్న అని చెబుతుంది. తమ చేతిలో చనిపోయినవాడికి తర్పణం ఇవ్వడం, ఆ చనిపోయినవాడు తమవాడని అప్పుడు తెలుసుకోవడం మన సంప్రదాయంలో ఇంత స్పష్టంగా రాసిపెట్టి ఉంది. ఈ ఘట్టాన్ని ఆ సాయంత్రం వారికి చెప్పాను. చెప్పి ఊరుకున్నాను. తర్పణం ఇవ్వండి అని నేను అనలేదు. అడగవలసింది ఆయనే.

మర్నాడు తెల్లవారుజామున ఆయనే తలుపు తట్టి అడిగారు.

అగ్నితీర్థం అంటే గుడికి తూర్పున ఉన్న సముద్రమే. అలలు పెద్దగా ఉండవు. ఒడ్డంతా పిండప్రదానాలు చేసేవారితో నిండిపోతుంది. అమావాస్యనాడు, ముఖ్యంగా పుష్యమాసపు అమావాస్యకు అక్కడ నిలబడడానికి చోటుండదు కనుక, ఇలాంటి పని మీద వెళ్ళేవారు ఆ రోజులు తప్పించుకోవడం మంచిది. తెలుగు తెలిసిన పురోహితుడు దొరికారు. దర్భ పవిత్రం వేలికి తొడిగించి, ఉత్తరీయం కుడిభుజం మీదికి మార్పించి, దక్షిణానికి తిరిగి కూర్చోమన్నారు. ముందు తండ్రికి, తాతలకు అయింది. తర్వాత ఎవరికి అని అడిగారు. హవల్దారు గారు నావైపు చూశారు. పేరు తెలియదని నేను చెప్పాను. గోత్రం? అదీ తెలియదు. బంధువా? కాదు.

పురోహితుడు కాసేపు ఆగి, ఇంకేమీ అడగలేదు. గోత్రం తెలియనప్పుడు కాశ్యప గోత్రం చెప్పడం శాస్త్రంలో ఉంది, ఎవరూ లేనివారికి తిలోదకం ఇచ్చే మంత్రమూ ఉంది అన్నారు. నల్లనువ్వులు అరచేతిలో వేసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్ళు వదలాలి. హవల్దారు గారి చెయ్యి వణికి, మొదటిసారి నువ్వులన్నీ ఇసుకలో పడ్డాయి. రెండోసారి ఆయన భార్య వెనక నుంచి మోచేతి కింద చెయ్యి పెట్టి పట్టుకున్నారు. నీళ్ళు వదిలాక ఆయన ఒక మాట తెలుగులో, మంత్రం కాని మాట, పైకే అన్నారు. అది ఆయనకూ ఆ ముసలాయనకూ మధ్యది, నేను రాయను.

తడిబట్టలతోనే గుడిలోకి వెళ్ళి 22 తీర్థాలలో స్నానం చేశాము. బావి గట్టు మీద నిలబడి చేదతో తోడి నెత్తిన గుమ్మరిస్తారు. ఒక్కో బావి నీటి రుచి ఒక్కోలా ఉంటుంది. వాటిలో బ్రహ్మహత్యా విమోచన తీర్థం ఒకటి. అక్కడ ఆయన ఇంకోసారి పొయ్యమని అడిగితే, నీళ్ళు తోడే కుర్రవాడు కారణం అడగకుండా ఇంకో చేద పోశాడు. పొడిబట్టలు కట్టుకుని దర్శనం చేసుకుని, 1,200కు పైగా స్తంభాలున్న మూడో ప్రాకారంలో చాలాసేపు నడిచాము.

మాతో వచ్చినవారిలో గుంటూరు వైపు క్రైస్తవుడు, నాయక్‌గా రిటైరైన ఆయన ఒకరున్నారు. మేము గుడిలో ఉన్నంతసేపు ఆయన సముద్రం ఒడ్డున కూర్చుని బైబిల్లోని 51వ కీర్తన చదువుకున్నారు. దావీదు రాజు తన సైనికుడైన ఊరియాను యుద్ధంలో కావాలని చంపించి, తర్వాత పశ్చాత్తాపంతో పాడిన కీర్తన అది. రక్తాపరాధం నుంచి నన్ను విడిపించమని అందులో వేడుకుంటాడు. పటాలంలో ఒకే కప్పు కింద అన్ని మతాల ప్రార్థనలు జరిగే సర్వధర్మ స్థలాలు చూసినవాడిగా నాకిది కొత్త కాదు. ఇంకొకరు తర్పణమూ ఇవ్వలేదు, ఏమీ చెప్పనూ లేదు. ఆయనను ఎవరూ అడగలేదు.

మరుసటి రోజు ధనుష్కోటి వెళ్ళాము. 1964 డిసెంబరు తుపాను ఆ ఊరిని, స్టేషనును, రైలును కూడా మింగేసింది. దారిలో కోదండరామస్వామి ఆలయం మాత్రం నిలిచింది. విభీషణుడు రాముణ్ణి శరణువేడింది అక్కడేనంటారు. రావణుడు పడిపోయాక అతనికి సంస్కారం చేయడానికి విభీషణుడు వెనుకాడితే, వైరం చావుతో సరి, అతడు నీకెంతో నాకూ అంతే, చెయ్యి అని రాముడు చెప్పిన సంగతి ఆ గుడి మంటపంలో కూర్చుని చెప్పుకున్నాము. హవల్దారు గారు అప్పుడు, ఆ ముసలాయనకు ఎవరు చేసి ఉంటారు, పిల్లలు ఉండే ఉంటారు కదా అన్నారు. అంతవరకు ఆయన తలపులో ఆ మనిషి రోడ్డు మీద పడిపోయిన శరీరమే. కొడుకులు, ఇల్లు, ఆ తేగలు తవ్విన తోట ఉన్న మనిషిగా ఆయన గురించి మాట్లాడడం నేను అదే మొదటిసారి విన్నాను. అది తేలిక కాదు, ఒకవిధంగా బాధ ఎక్కువవుతుంది. అయినా ఆ దారిన తప్ప ముందుకు వెళ్ళలేరని నా అనుభవం.

యాత్రతో గాయం మానిపోయిందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. హవల్దారు గారికి ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర ఉండదు, తేగలు ఇప్పటికీ ముట్టరు. తిరిగి వచ్చాక మాజీ సైనికుల పాలీక్లినిక్ ద్వారా మనోవైద్యుణ్ణి కలిశారు, మందులు వాడుతున్నారు. తాగుడు అదుపు తప్పినవారిని, బతకాలని లేదనే మాట నోటివెంట వచ్చినవారిని యాత్రకు తీసుకువెళ్ళడం కన్నా ముందు వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి, లేదా 14416కు ఫోను చేసి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వారితో మాట్లాడించాలి. గుడి పని గుడిదే, ఆసుపత్రి పని ఆసుపత్రిదే. రెండింటి మధ్య నడిపించడానికి తోడు ఒకరు కావాలి.

భార్యలను తప్పకుండా తీసుకురమ్మని ఈసారి నుంచి చెబుతున్నాను. ఎండలు ముదిరేలోపు మళ్ళీ బయలుదేరాలని అనుకుంటున్నాము. హవల్దారు గారు తానూ వస్తానన్నారు. పక్క ఊళ్ళో తన కంపెనీలోనే పనిచేసినాయన ఒకరున్నారని, ఆదివారాలు వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చుని వస్తున్నానని, ఆయన ఇంకా ఏమీ చెప్పలేదని, తాను కూడా ఏమీ అడగడం లేదని చెప్పారు.