అక్క నీలం గొడవ తేల్చుకోడానికి వైజాగ్ వెళ్ళొచ్చాను

రత్నాచల్‌లో సెకండ్ సిట్టింగ్, అదీ మే నెల, పైగా మధ్య సీటు. ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో బెజవాడ–వైజాగ్ తిరిగేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. దానికి తోడు నా చేతిలో మూడడుగుల ప్లాస్టిక్ గొట్టం, అందులో చుట్టి పెట్టిన ప్రూఫులు, అంటే అసలు ప్రింటుకి ముందు తీసే నమూనాలు. పైన పెడితే ఎవడి సూట్‌కేసో పడి నలుగుతుంది, కింద పెడితే టీ అమ్మేవాడు తొక్కుతాడు, అందుకని దారంతా దాన్ని చంటిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. ఎదురు సీటు పెద్దాయన రాజమండ్రి నుంచి దాన్నే చూస్తున్నాడు, తుని దాటాక ఉండబట్టలేక "గేలం కర్రా అండీ?" అని అడిగేశాడు. కాదండీ, మా అక్క నీలం రంగు అని చెప్పా. ఆయన ఇంక వైజాగ్ దాకా నాతో మాట్లాడలేదు.

విషయం ఏంటంటే నాకు గవర్నర్‌పేటలో చిన్న ప్రింటింగ్ షాపుంది, ఇరవై రెండేళ్ళ నుంచి. ఫ్లెక్సీలు, శుభలేఖలు, బ్రోచర్లు, కరపత్రాలు, ఏదైనా వేస్తాం. మా పెద్దమ్మ కూతురు అక్క వైజాగ్‌లో ఉంటుంది, స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి ముందే రిటైర్మెంటు తీసుకుని ఇప్పుడు ఇంట్లో పెయింటింగులేసుకుంటోంది. మామూలు బొమ్మలు కాదు, అబ్‌స్ట్రాక్ట్. చెట్టుండదు, మనిషుండడు, పడవుండదు. ఈ బొమ్మలతో ఒక చిన్న కేటలాగ్ వేయించాలని నాకు ఫైల్స్ పంపింది. ప్రూఫ్ తీసి కొరియర్ చేస్తే ఫోన్ చేసి "నా నీలం పోయిందిరా" అంది. సరే అని సయాన్, అంటే ప్రింటింగులో వాడే నీలం ఇంకు, పెంచి రెండోది పంపా. "ఇంకా పోయింది" అంది. ఇంకా పెంచి మూడోది పంపా. ఈసారి ఫోన్లో కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఒరే, నువ్వోసారి రా" అంది. మూడు ప్రూఫులు, 170 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్, కొరియర్ ఖర్చు, అన్నీ నా నెత్తినే. ఆ కోపంతో ఎక్కిన రైలు అది.

స్టేషన్ బయట ఆటోవాడు పెదవాల్తేరుకి మూడొందలన్నాడు. ఆప్‌లో నూట అరవై చూపిస్తోంది కానీ బుక్ చేస్తే వచ్చేవాడు లేడు. బేరమాడి బేరమాడి రెండొందల ఇరవైకి ఎక్కాను. బెజవాడలో కూడా ఇంతే కదా అనొచ్చు, కానీ అక్కడ మన ఊరి దోపిడీ, అదో ధైర్యం. ఎండ మాత్రం మాకంటే నయమే, కాకపోతే ఈ ఉక్క! చొక్కా వంటికి అతుక్కుపోయింది, జేబులో నోట్లు కూడా మెత్తబడ్డాయి.

నా ప్లాన్ ఏంటంటే మధ్యాహ్నం ప్రూఫ్ గొడవ తేల్చేసి, మర్నాడు పొద్దున్నే 900కె బస్సెక్కి భీమిలి, దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, సాయంత్రానికి ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్. ఇందులో ఒక్కటి జరిగింది. మురీ మిక్చర్. నలభై రూపాయలు, పొట్లం మాత్రం అరచేతికి సరిపోయేంత.

అక్కావాళ్ళ ముందు గదే దాని స్టూడియో. ఈజిల్ మీద పెట్టి బ్రష్షు పట్టుకుని దూరం నుంచి ఒక కన్ను మూసి చూస్తుందేమో అనుకున్నా. అలాంటిదేం లేదు. కాన్వాస్ నేల మీద పడుకోబెట్టి ఉంది, పక్కన లప్పం పెట్టే రేకులు రెండు, గోడకి రంగేసే రోలరు, కార్ల అద్దాలు తుడిచే రబ్బరు, పాత చీర ముక్కలు, ఒక బకెట్ నీళ్ళు. మా బావ షిప్‌యార్డ్‌లో చేసి రిటైరయ్యాడు, ఆ రేకులు ఆయన కొనిచ్చినవే. "మీ అక్క రంగులకి పెట్టిన డబ్బుతో మధురవాడలో ప్లాటొచ్చేది" అని బావ నేను వచ్చిన ప్రతిసారీ అనే మాట ఈసారీ అన్నాడు, అక్క ఈసారీ వినలేదు.

ఆయిల్ రంగులు ఎందుకు వాడవు అంటే ఈ సముద్రపు గాలిలో మందంగా వేస్తే వారాలైనా ఆరదు, వానాకాలం కాన్వాస్ వెనక బూజు పడుతుంది, అందుకే అక్రిలిక్ అంది. వేసే పద్ధతి చూస్తే నాకు వింతగా అనిపించింది. ముందు జెస్సో అనే తెల్ల అస్తరు పూత, దాని మీద తుప్పు రంగు, ఆరాక దాని మీద ఇంకోటి, ఇంకోటి, అలా ఆరేడు పూతలు. అన్నీ అయ్యాక అప్పుడు పని మొదలు. గీకడం! తడిగుడ్డతో తుడవడం, రేకుతో లేపడం, ఎమ్రీ పేపరు పెట్టి రుద్దడం. రోజూ కాన్వాస్‌ని ఒక పక్కకి తిప్పుతుంది, నాలుగు వైపుల నుంచీ చూసి ఎక్కడ బరువెక్కువైందో అక్కడ గీకుతుంది. గంటలో ఆమె వేసిన రంగు ఒక స్పూనుడు, తీసింది గుప్పెడు. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలకి పేరున్న గైతోండే కూడా రోలరూ నైఫే వాడేవాడు, ఏడాదికి అయిదారు బొమ్మలకి మించి వేసేవాడు కాదు అని చెప్పింది. ఏడాదికి అయిదు జాబులైతే మా షాపు మూసుకోవాలి అన్నా. మన గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు కూడా అబ్‌స్ట్రాక్టే, 2001లో పద్మశ్రీ వచ్చింది, మీ పక్క ఊరాయన, నీకు తెలీదా అంది. తెలీదు. గుడివాడ అంటే నాకు ఫ్లెక్సీ ఆర్డర్లు తప్ప ఏం గుర్తుకురావు, దానికి కొంచెం సిగ్గేసింది కూడా.

సరే ప్రూఫులు తీసి నేల మీద పరిచాను. బొమ్మలో పెద్ద తుప్పు రంగు మైదానం, మధ్యలో వంకర టింకరగా ఒక నీలం ముక్క. నా ప్రూఫులో నీలం నీలంగానే ఉంది కదా, ఒరిజినల్ కంటే ఎక్కువే ఉంది, ఇంక నీ బాధేంటి అన్నా. "రేపు పొద్దున్న నాతో హార్బరుకి రా, అక్కడ మాట్లాడుకుందాం" అంది. అక్కా, నేను భీమిలి వెళ్ళాలే అంటే "భీమిలి ఎక్కడికీ పోదు" అంది. చిన్నప్పుడు కూడా ఇంతే, దాని మాట దానిదే.

మర్నాడు ఆరున్నరకి ఫిషింగ్ హార్బర్. నేను చూసిన హార్బరు వేరు, తెల్లారుజామున వేలం పాటలు, బుట్టలు, ఐసు, ఆ అరుపులు. ఇప్పుడు నిశ్శబ్దం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, చేపలు గుడ్లు పెట్టే కాలం అని మర బోట్లని సముద్రంలోకి పోనివ్వరు. బోట్లన్నీ జెట్టీ పొడుగునా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, కొన్నిటిని ఒడ్డుకి లాగి దుంగలు ఆనించి నిలబెట్టారు. ఏడాది రిపేర్లన్నీ ఈ రెండు నెలల్లోనే. గీకడం, చెక్క మార్చడం, సందుల్లో దూది కూరడం, లప్పం పెట్టడం, తుప్పు రంగు రెడాక్సైడ్ కొట్టడం, రంగులు. అవతల ఒడ్డున డాల్ఫిన్స్ నోస్, గాలిలో చేపల వాసన బదులు టర్పెంటైన్ వాసన. 2023 నవంబరులో ఇక్కడే ఒక రాత్రి మంటలంటుకుని బోలెడు బోట్లు కాలిపోయాయి, ఆ తర్వాత ఆర్నెల్లు నలుపు తప్ప ఏ రంగూ ముట్టుకోలేదు అంది అక్క. ఇంక దాని గురించి మాట్లాడలేదు.

అక్కడ అందరికీ అక్క తెలుసు. ఒక బోటు కింద కూచుని గీకుతున్న ముసలాయన "ఏటమ్మా, ఈసారి లేటయిపోనావు" అన్నాడు. అక్క సంచిలోంచి ఖాళీ అగ్గిపెట్టె తీసిచ్చింది, ఆయన అప్పటికే పక్కన పోగేసిన రంగు పెచ్చుల్లోంచి నాలుగైదు ఏరి అందులో వేసిచ్చాడు, ఏదో కిరాణా కొట్టు లావాదేవీలాగా. ఆ పెచ్చు ఒకటి నా చేతిలో పెట్టింది. అంచు చూడు అంది. గోరంత మందం, అందులో పచ్చ, తెలుపు, నీలం, పచ్చ, ఎరుపు, మళ్ళీ తెలుపు, ఉల్లిపాయ పొరల్లాగా. ఏడాదికో పూత కాబట్టి లెక్కపెడితే బోటు వయసు తెలుస్తుందట. ముసలాయన వేలితో చూపించి "ఈ పచ్చ హుద్‌హుద్ ముందుది బాబూ, ఆ తుఫాన్లో ఇది మునిగిపోయి మల్లీ తేల్నాది" అన్నాడు. 2014 అక్టోబరు ఇక్కడెవరూ మర్చిపోరు. నేను పొరలు లెక్కపెట్టా, పధ్నాలుగు దాకా వచ్చాక తప్పిపోయా.

అక్క అక్కడ బొమ్మేం గీయలేదు. నాకు విసుగొచ్చింది ఇక్కడే. రెండు గంటలు ఊరికే నడిచింది, ఆగింది, చిన్న నోటుబుక్కులో ఏదో రాసుకుంది. లాక్కుని చూశా. "తాడు రాసుకుపోయిన చోట నాలుగు గీతలు, మూడోది లోతు", "టార్పాలిన్ చిరుగులోంచి ఎండ, మామిడి పండు", "నీళ్ళ మరక, ఉప్పు అంచు". మరి ఇవన్నీ బొమ్మలో ఎక్కడున్నాయే అంటే, ఉండవురా, చూసినదాన్ని వెయ్యను, అది ఎలా అయిందో చూసి అలా చేస్తాను, వీళ్ళు పడవని ఏం చేస్తున్నారో నేను కాన్వాస్‌ని అదే చేస్తాను అంది. ఇంట్లో కూడా ఇంతేనట, సిలిండర్ కింద పడే తుప్పు వలయం, వాన కారిన పిట్టగోడ, అట్ల పెనం అడుగు. అట్ల పెనాన్ని తోమకుండా వారం దాచిందని బావ కంప్లైంటు. తర్వాత నవ్వుతూ "ఈ ఊళ్ళో దేవుణ్ణి కూడా ఏడాదికోసారి గీకుతార్రా" అంది. సింహాచలం అప్పన్న సంగతి. ఏడాదంతా చందనం పూతల కింద ఉండి అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు నిజరూపం, ఆ రాత్రి నుంచే మళ్ళీ చందనం. గీకుతారు అనకే, ఒలుస్తారు అనాలి అన్నా, కళ్ళు కూడా అద్దుకున్నా. ఎందుకైనా మంచిది.

ఎండ ఎక్కాక ఒక బోటు ముందు ఆపింది. రెడాక్సైడ్ కొట్టిన పక్క, మధ్యలో ఒకచోట ఇంకా కొట్టలేదు, అక్కడ నీలంగా, మబ్బు పట్టకముందు ఆకాశంలాగా, చాలా బావుంది. "అదిగో నా నీలం. వెళ్ళి ముట్టుకో" అంది. గ్రీజూ బురదా దాటుకుంటూ వెళ్ళా, కొత్త చెప్పులు పాడయ్యాయి, ఆరొందల చెప్పులు. దగ్గరికెళ్ళి చూస్తే లప్పం. ఉత్త బూడిద రంగు లప్పం. వెనక్కొచ్చి చూస్తే నీలం. మళ్ళీ దగ్గరికెళ్ళా. లప్పం. మూడుసార్లు తిరిగా, ముసలాయన "బాబుకేటయింది" అని అక్కని అడుగుతున్నాడు.

ఇంటికొచ్చి ఒక తెల్ల కవరుకి మధ్యలో పంచింగ్ మెషీన్‌తో చిల్లు పెట్టి తన కాన్వాస్ మీద ఆ నీలం చోట పెట్టింది. చిల్లులోంచి బూడిద. కవరు తీస్తే నీలం. బొమ్మ మొత్తంలో ఎక్కడా ఒక్క చుక్క నీలం లేదట, నలుపూ తెలుపూ కలిపిన గ్రే, అంతే. చుట్టూ ఉన్న తుప్పు రంగు దాన్ని నీలం చేస్తోంది. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే కొంచెం నీలం వైపు పోతుంది, స్వీడన్‌లో జోర్న్ అనే ఆయన అసలు నీలమే లేకుండా ఎన్నో బొమ్మలు వేశాడు అని చెప్పింది. ఇంకోటి చెప్పింది, అది నాకు బాగా ఎక్కింది. ప్యారిస్‌లో గోబెలిన్ అని పేరున్న నేత కార్ఖానా, 1824లో అక్కడ అద్దకాల డైరెక్టరుగా షెవ్రల్ అనే కెమిస్ట్ వచ్చాడు, మీ నల్ల దారం నల్లగా ఉండట్లేదని ఒకటే కంప్లైంట్లు. ఆయన చూసి చూసి దారంలో తప్పేం లేదు, పక్కన ఏ రంగు నేస్తున్నారో దాన్ని బట్టి నలుపు అలా కనపడుతోంది అని తేల్చాడు, 1839లో దాని మీద లావుపాటి పుస్తకమే రాశాడు. కస్టమర్ కంప్లైంటు నుంచి సైన్సు పుట్టించాడన్నమాట. నాకొచ్చే కంప్లైంట్ల నుంచి బీపీ పుట్టింది.

ఇరవై రెండేళ్ళ నుంచి రంగులమ్ముకుని బతుకుతున్నవాణ్ణి, నా కన్ను నీలం అని చెప్తే ఫైల్లో అంకె కూడా చూడకుండా సయాన్ పెంచుకుంటూ పోయా. అసలు దెబ్బ ఆ తుప్పులో ఉంది. అక్క దాని మీద పల్చగా ఆరెంజ్ పూత వేస్తుంది, ఆరెంజ్ ప్రింటులో చప్పబడిపోద్ది, ఇది మా ఫీల్డులో పాత ఏడుపే. మొదటి ప్రూఫులో ఆరెంజ్ చచ్చింది కాబట్టి నీలం పోయింది, నేను సయాన్ పెంచితే ఆరెంజ్ ఇంకా చచ్చింది. మరి నీలం పోయింది అని నన్నెందుకు తిప్పావే, ఆరెంజ్ పోయింది అని ఒక్కమాట అంటే సరిపోయేది కదా అని అరిచా. "నాకు పోయింది నీలమే కదరా" అంది చాలా శాంతంగా. బావ పేపర్ వెనకాల నవ్వుతున్నాడు. మధ్యాహ్నం కోడిగుడ్డు పులుసు పెట్టింది. వైజాగ్ వచ్చి గుడ్డు పులుసేంటి అంటే వంజరం కిలో రేటు చెప్పింది, నోరు మూసుకుని తిన్నా.

తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు దొరికింది, అనకాపల్లి దాకా నిద్రే పోలేదు, పెంకుటిళ్ళ పక్కన గోడలు, గోడల పక్కన తడిక, ఏది దేన్ని మారుస్తోందా అని చూస్తూ కూచున్నా, తర్వాత తలనొప్పొచ్చి మానేశా. అక్క ఇచ్చిన అగ్గిపెట్టె జేబులో గలగలలాడుతూనే ఉంది. మర్నాడు పొద్దున్న మా ఆవిడ దీపం పెట్టడానికి అది తెరిచి, "ఇదేంటండీ, వైజాగ్ వెళ్ళి పెంకులు తెచ్చారు" అంది.

నాలుగో ప్రూఫులో గ్రేలోంచి సయాన్ అంతా దించేశా, ఆరెంజ్ కోసం సాయంత్రం దాకా యెల్లో, మెజెంటాలతో కుస్తీ పట్టా, మెషీన్ మీద ఉన్న కుర్రాడు "సార్, ఇది బూడిద వస్తోంది, నీలం పెంచమంటారా" అని అడిగాడు కూడా. రెండ్రోజులకి అక్క ఫోన్ చేసింది.

"వచ్చిందిరా నీలం."

హమ్మయ్య అనుకుని, బిల్లు ఎప్పుడు పంపమంటావు అన్నా.

"పంపు. మొదటి మూడిటికీ కూడా వేస్తావేటి?"