పడవని కుళ్ళబెట్టేది సముద్రం కాదు, వాన

చెక్క పడవలు కట్టడం, పాతవి బాగుచేయడం నేర్చుకుంటున్నా అంటే అందరూ ముందు అడిగేది ఒకటే, ఎప్పుడూ నీళ్ళలో ఉంటే చెక్క కుళ్ళిపోదా అని. నిజానికి ఉప్పునీళ్ళలో మునిగి ఉన్న భాగం చాలావరకు గట్టిగానే ఉంటుంది, పోయేదంతా పైన, డెక్కు అంచుల్లో, లోపల పక్కటెముకల్లా వంగి ఉండే రిబ్బుల కొనల్లో, అంటే వాననీళ్ళు దిగి ఆరకుండా నిలిచిపోయే చోట. కుళ్ళు అంటే ఫంగస్ కదా, దానికి తేమా కావాలి గాలీ కావాలి, తేమ 20 శాతం లోపుంటే అది పెరగదు, పూర్తిగా నానిపోయిన చెక్కలో గాలి అందదు, పైగా ఉప్పంటే దానికి పడదు. అందుకే పాత పడవ చూడ్డానికి వెళ్తే ముందు డెక్కు కింద టార్చ్ వేసి చూస్తా, స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతా, ఖంగుమంటే ఓకే, దబ్‌మని మోగిందంటే అక్కడ పని ఉన్నట్టే.

అలాగని సముద్రం మంచిదేం కాదు లెండి. టెరీడో అని ఒకటుంది, షిప్‌వార్మ్ అంటారు గానీ పురుగు కాదు, ఆల్చిప్పల జాతి, పైకి చిన్న కన్నమే కనిపిస్తుంది, లోపలంతా సొరంగాలు. 1628లో మునిగిన స్వీడన్ ఓడ వాసాని 1961లో పైకి తీస్తే దాదాపు మొత్తంగా వచ్చింది, అది మునిగిన బాల్టిక్ సముద్రం నీళ్ళలో ఉప్పు తక్కువ కాబట్టి ఈ జీవి అక్కడ బతకలేదు, అదీ ఒక కారణం.

ఇక రిపేర్ సంగతి. పుచ్చిన పలకలన్నీ ఒకేసారి పీకేయాలని చేతులు దురద పెడతాయి, అస్సలు వద్దు. పడవ ఆకారాన్ని పట్టి ఉంచేది ఆ పలకలే, అన్నీ తీసేస్తే కీల్, అంటే అడుగున వెన్నెముకలా ఉండే దూలం, రెండు చివర్లూ కిందికి వాలిపోతాయి, తర్వాత కొత్తవి ఎంత బాగా కోసి బిగించినా వచ్చేది వంకర పడవే. కింద సపోర్టులు పెట్టుకుని ఒకటి విడిచి ఒకటి మార్చుకుంటూ రావాలి, రిబ్బులైనా అంతే.

రిబ్బు వంచడం మాత్రం నాకు పిచ్చి ఇష్టం. పొడవాటి పెట్టెలో ఆవిరి పట్టిస్తాం, అంగుళం మందానికి గంట లెక్క. బయటికి తీశాక టైమ్ సెకండ్లలోనే, గ్లవ్స్ వేసుకుని ఇద్దరు ముగ్గురు రెడీగా ఉండాలి, క్లాంపులు ముందే తెరిచి పెట్టుకోవాలి. పచ్చి కలపైతే చక్కగా వంగుతుంది, బట్టీలో ఆరబెట్టింది మాత్రం టప్‌మని విరుగుతుంది.

పలకల సందుల్లో దూది పేట కొట్టి దింపి పైన పుట్టీ పెట్టేటప్పుడు కూడా మరీ బిగించకూడదు. నీళ్ళలో దింపాక పలకలు ఉబ్బుతాయి, చోటు లేకపోతే ఆ ఒత్తిడికి రిబ్బులే విరగొచ్చు. చాలాకాలం ఎండలో ఉన్న పడవకి సందులు కనబడితే ఆరాక రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురుతో నింపేసేవాళ్ళున్నారు, అదీ ఇదే గొడవ. అలా ఎండిన పడవని మొదట నీళ్ళలో దింపినప్పుడు సందుల్లోంచి నీళ్ళు కారడం మామూలే, పంప్ పక్కన పెట్టుకుని కూర్చోండి, చెక్క ఉబ్బేకొద్దీ తగ్గుతుంది, రోజులు గడిచినా తగ్గకపోతే అప్పుడు పైకి తీసి వెతకాలి.