రెండుసార్లు ఫీజు కట్టాను, పరీక్షకు పోలేదు

బీటెక్ అయిపోయి ఏడాది దాటినా నాకు మ్యాథ్స్ ఒకటి మిగిలే ఉండింది. సప్లీ ఫీజు రెండుసార్లు కట్టి, రెండుసార్లూ ఎగ్గొట్టాను. రెండోసారైతే హాల్‌టికెట్ జేబులో పెట్టుకుని సప్తగిరి సర్కిల్ దాకా పోయి, హోటల్లో ఉగ్గాని బజ్జీ తిని ఇంటికొచ్చేశాను. ‘ఎట్ల రాసినావు నాయనా?’ అని అమ్మ అడిగితే ‘పర్లేదు’ అన్నాను.

ఇంట్లో నా పేరు సోమరిపోతు. నేనూ అదే నమ్మాను. కానీ సోమరిపోతు హాయిగా నిద్రపోవాలి కదా? నాకు రాత్రి రెండైనా కన్ను మూతపడేది కాదు. పుస్తకం తీస్తే కడుపులో తిప్పేది. ‘రేపు చూద్దాంలే’ అనుకోగానే ప్రాణం కుదుటపడేది.

మా పెద్దమ్మ కూతురు కర్నూలులో సైకాలజీ చెబుతుంది. దసరాకు అనంతపురం వచ్చినప్పుడు అక్క ముందు నిజం కక్కేశాను. తిట్టలేదు. రెండు ప్రశ్నపత్రాలిచ్చి టిక్కులు పెట్టమంది. ‘ఈ పని నా వల్ల అవుతుంది’ అనే నమ్మకం గురించి ఒకటి, స్వభావం గురించి ఒకటి. మొదటిదాంట్లో మరీ అడుగున ఉన్నాను. రెండోదాంట్లో, పనిని పద్ధతిగా చేసే గుణం తక్కువని తేలింది. ఈ ముక్క మా అమ్మ ఏ పత్రమూ లేకుండా చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉంది.

అక్క చెప్పిందాన్ని బట్టి, 2007లో పియర్స్ స్టీల్ అనే పరిశోధకుడు, పనులు వాయిదా వేయడం మీద అంతకుముందు వచ్చిన పరిశోధనలు చాలా కలిపి చూశాడట. పనిని పద్ధతిగా చేసే గుణం లేనివాళ్లలో వాయిదాలు బాగా ఎక్కువ. తన మీద నమ్మకం తక్కువున్నవాళ్లలోనూ ఎక్కువే. ఊరికే కంగారుపడే స్వభావానికి మాత్రం అంత సంబంధం కనబడలేదట.

‘మరి నాకు కడుపులో తిప్పేది?’

‘క్రికెట్‌కు పోయేటప్పుడు తిప్పుతుందా? లేదు కదరా. నమ్మకం ఒక్కో పనికి ఒక్కో తీరుగా ఉంటుంది. నీకు లేనిది మ్యాథ్స్ దగ్గర.’

బండూరా అనే సైకాలజిస్టు 1977లోనే చెప్పాడట, ఎవరో ధైర్యం చెబితే వచ్చే నమ్మకం కంటే, చేసి చూస్తే వచ్చేది గట్టిదని. అందుకే ‘నువ్వు చేయగలవు’ అని అక్క ఒక్కసారి కూడా అనలేదు. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

రోజుకు ఒక్క లెక్క. రాత్రి తొమ్మిదికి దాని ఫొటో అక్కకు పంపాలి. మొదటి రోజు చేసింది లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ లెక్కల్లో అన్నిటికంటే తేలికైనది, 1కి లాప్లాస్: జవాబు 1 బై ఎస్. నాలుగు లైన్లు. ఇంజనీర్‌ననే సిగ్గుతోనే పంపాను. మూడో వారంలో ఒక సాయంత్రం, జవాబు చూడకుండా పెద్ద లెక్క ఒకటి వచ్చేసింది. ఆ రోజు కడుపులో తిప్పలేదని మర్నాడు గుర్తొచ్చింది.

పద్ధతి మాత్రం రాలేదు. అక్క ‘ఈరోజు?’ అని మెసేజ్ పెట్టకపోతే మర్చిపోయేవాణ్నే. పొద్దున గంటసేపు ఫోన్ టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపున్న నా ఫ్రెండ్ చేతికిచ్చేవాణ్ని. పరీక్షరోజు వాడే బండి మీద సెంటర్ దాకా దింపి, నేను గేటు లోపలికి పోయేదాకా నిలబడ్డాడు.

బొటాబొటిగా పాసయ్యాను. ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఫారం తొమ్మిది రోజులు ఫ్రిజ్ మీదే పడుంది. దానికి భయమేమీ లేదు, ఊరికే పడుంది. పదో రోజు ఫ్రెండ్ బండి తెచ్చి వాకిట్లో హారన్ కొట్టాడు.

‘ఫొటో అంటించినావా ఏమప్పా?’

గమ్ సీసా కోసం లోపలికి పరిగెత్తాను.